కడపటి బకెట్టు

బాత్రూము గోడ పగలగొట్టినాక
రాగి బాయిలరు వాకిట్లోకొచ్చి కూర్చునింది,
ఎండలో మొదటిసారి.
నడుం దగ్గర సొట్ట, మూతికి మసి,
కడుపులో నిన్నటి మామిడి టెంకల బూడిద.

ఈ మిట్టూరు ఇంట్లో పంతొమ్మిదేళ్ళు
తెల్లారకముందే దాని గొంతులో టెంకలు వేసినదాన్ని నేను.
గుజ్జు ఫ్యాక్టరీ వెనక గుట్టలుగా ఎండేవాటిని
గోనెసంచి ఇంతని మాట్లాడుకుని తెచ్చుకునేది.
తోతాపురి టెంక నిదానంగా మండుతుంది,
నీలం టెంకకు పొగ జాస్తి.
ఈ చదువు ఏ బళ్ళోనూ చెప్పరు.

ఇప్పుడేం పెట్టిద్దామని వారం రోజులు పంచాయితీ.
గీజరంటాడు మా మరిది వేలాయుధం,
బటను నొక్కితే చాలంట.
గ్యాసుదైతే చిటికెలో కాగుతుందని
గజపతి, అంటే మా ఆయన,
ఫోన్లో బొమ్మ చూపిస్తాడు.
"మూసిన బాత్రూములో గ్యాసా?
ముందు నన్ను కాట్లో పెట్టి రా, తర్వాత బిగించు"
అంటుంది మా అత్త కుప్పమ్మ.

ప్లంబరు మునిరత్నం ఏం మాట్లాడలా.
సంచిలోంచి పాత కాయిలొకటి తీసి
బండ మీద కొట్టినాడు.
పెచ్చులు పెచ్చులుగా రాలింది సున్నం.
"మీ బోరు నీళ్ళమ్మా ఇది. ఆర్నెల్ల పంట."

కడాకు మిద్దె మీద సోలారే అనుకున్నారు,
గాజు గొట్టాలది, ఉప్పు నీళ్ళకు ఓర్చుకునేది.
ఎండకేం కొదవ చిత్తూర్లో?
నూరు లీటర్లా, రెండు నూర్లా?
మునిరత్నం చెవి మీది పెన్సిలు తీసి
సిమెంటు సంచి చింపి, దాని మీద రాస్తా పోయినాడు:
ఎవురెవురు, ఎన్ని బకెట్లు, ఏ పొద్దుకు?

అత్తకు రెండు, మోకాళ్ళకు ఇంకొకటి.
పాల వ్యాను తోలే మనిషికి నాలుగున్నరకే రెండు.
మరిదికి లెక్కలేదు, పాట అయిపోయే దాకా.
పిల్లకు తలకు పోసుకుంటే నాలుగు.
పిల్లోడికి, కొట్టి పోస్తే, ఒకటి.

"మీకమ్మా?"
"నాకు చన్నీళ్ళే అలవాటు."
నోరు దానంతటదే అనేసింది.
పెన్సిలు ఆగింది.
"యా కాలం నించీ?"

యా కాలం నించీ.
అందరి పోసుకోళ్ళూ అయ్యేసరికి
బాయిలర్లో నాకు మిగిలేది పొగ వాసన.
మళ్ళా టెంకలేస్తే క్యారేజీల పొద్దు దాటిపోతుంది.
కార్తీకంలో పళ్ళు బిగబట్టి చెంబు ఎత్తేది.
దానికి అలవాటని పేరు పెట్టింది నేనే.

గజపతి ఇటుకలు లెక్కపెడతా ఉండాడు,
లేదంటే, లెక్కపెడతా ఉన్నట్టు ఉండాడు.
"రాసుకో మునిరత్నం" అంటిని.
"రెండు. కాదు, మూడు."

రెండు నూర్లదే వొచ్చింది.
రాగి బాయిలరు తూకానికి పోయింది.
దాని ఇత్తడి కొళాయి మాత్రం నేను తిప్పి తీసుకున్నా.
ఎందుకంటే చెప్పలేను.
పోపుల డబ్బా పక్కన ఉండాది.

మొదటి పొద్దు గజపతి
తువ్వాలు నా భుజాన వేసి
"ఈ రోజు నువ్వే ముందు" అన్నాడు.
పాపం, మంచి మనసుతోనే.
మునిరత్నం చెప్పింది నాకు గుర్తుండాది:
మిద్దె నుంచి దిగే పైపు బారెడు కాదు, ఇరవై బారలు.
రాత్రంతా అందులో నిలిచేవి చన్నీళ్ళు.
ముందు పోసుకునేవాళ్ళకు అవే.
ఉడుకు దిగేది వెనకొచ్చేవాళ్ళకు.

"మీరు పోండి, వ్యానుకు పొద్దవుతుంది"
అని తువ్వాలు తిరిగిచ్చినా.
లోపల్నించి ఒక కేక.
నేను టీకి నీళ్ళు పెట్టినా.

ఎనిమిదిన్నరకు, ఇల్లు ఖాళీ అయినాక,
కొళాయి తిప్పితే వేలు పెట్టలేను.
పక్క కొళాయి కూడా తిప్పి
చన్నీళ్ళు కలుపుకోవాల్సొచ్చింది.
పంతొమ్మిదేళ్ళలో
నేను పిలిస్తే అవి వొచ్చింది
ఆ పొద్దే.